వదన సౌందర్యం - పూరక ద్రవ్యాలు: ఏది తాత్కాలికం? ఏది శాశ్వతం?

సౌందర్యకాంక్ష మానవునికి సహజమైనది. పండుగనాడు నలుగు పెట్టుకొనే సున్నిపిండి, పెండ్లికి ముందు వధువుకు పూసే ఉబ్టన్, కన్నులకు కాటుక, సుర్మా, అరచేతులకు గోరింట - ఇవన్నీ ఆ కాంక్షకు నిదర్శనాలే. మతాలు వేరైనా, భాషలు వేరైనా ఈ అలంకరణలన్నిటిలో ఒక సామాన్య లక్షణం కనిపిస్తుంది. అవి చర్మంపైన నిలిచేవే కాని, లోనికి చొచ్చుకొనిపోయేవి కావు. కొన్ని కడిగితే పోతాయి; మరికొన్ని పది పదిహేను రోజులలో వెలిసిపోతాయి. పొరపాటు జరిగినా దానికి ఆయుర్దాయం తక్కువ.

గత నూట పాతికేళ్ళలో మానవుడు ఇందుకు భిన్నమైన మార్గాన్ని త్రొక్కాడు. ముడతలు పడినచోట, చెక్కిళ్ళు పీక్కొనిపోయినచోట సూదిద్వారా ఏదో ఒక ద్రవ్యాన్ని చర్మం క్రిందికి ఎక్కించి, పల్లాన్ని పూడ్చి, యౌవనచ్ఛాయను తిరిగి రప్పించే ప్రయత్నమే ఆ మార్గం. ఈ ద్రవ్యాలను వైద్యులు ఫిల్లర్లు అంటున్నారు. పల్లాన్ని పూరించేవి కనుక వాటిని ఈ వ్యాసంలో పూరకాలు అని వ్యవహరిస్తాను. కొంతకాలానికి శరీరంలో కరిగిపోయేవి తాత్కాలిక పూరకాలు. కరగక నిలిచిపోయేవి శాశ్వత పూరకాలు.

'శాశ్వతం' అన్న మాట చెవినపడగానే అది మేలైనదని తోచడం సహజం. ఇల్లయినా, ఉద్యోగమైనా శాశ్వతమైనదానినే కోరుకుంటాం. కాని ముఖం విషయంలో ఈ తర్కం తలక్రిందులవుతుంది. ఎందువల్లనో విద్యార్థినీ విద్యార్థులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక భ్రమను తొలగించాలి. చాలామంది పూరకాలను, బొటాక్స్‌ను ఒకటిగా భావిస్తారు. బొటాక్స్ అనేది బొట్యులినం అనే విషపదార్థాన్ని అత్యల్ప మోతాదులో వాడే మందు. అది కండరాన్ని కొన్ని నెలలపాటు సడలించి, ముఖం చిట్లించినప్పుడు పడే ముడతను నివారిస్తుంది. అది దేనినీ పూరించదు. పూరకం కండరం జోలికి పోదు, స్థలాన్ని నింపుతుంది. రెండింటి పని వేరు, ప్రమాదాలు వేరు.

ముఖం ఎందుకు మారుతుంది?

మన చర్మంలో బాహ్యచర్మం, అంతశ్చర్మం అని రెండు పొరలున్నాయి. వాటి క్రింద కొవ్వు, కండరాలు, ఎముకలు ఉంటాయి. అంతశ్చర్మంలో కొల్లాజెన్ అనే మాంసకృత్తు తంతువులుగా అల్లుకొని ఉంటుంది. ఈ నిర్మాణాన్ని మన ఇండ్లలోని నులకమంచంతో పోల్చవచ్చు. ఎముకలు మంచపు పట్టెలు, కోళ్ళు, కొల్లాజెన్ నులక, కొవ్వు పైన పరచిన బొంత. ఏండ్లు గడిచేకొద్దీ నులక వదులవుతుంది, బొంత అణగిపోతుంది, పట్టెలు సైతం అరుగుతాయి. ముఖంలోనూ జరిగేది ఇదే. వయసుతో కొల్లాజెన్ క్రమంగా తగ్గుతుంది. కనుగుంటల ఎముక వెడల్పవుతుంది. పై దవడ ఎముక వెనుకకు తగ్గుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, పొగత్రాగడం ఈ క్షీణతను త్వరితం చేస్తాయి.

ముఖంలోని కొవ్వు ఒకే పొరగా ఉంటుందని చాలాకాలం భావించారు. అది వేర్వేరు అరలుగా విభజింపబడి ఉందని అమెరికాలోని డల్లాస్ నగరానికి చెందిన రోరిచ్, పెస్సా అనే శస్త్రవైద్యులు 2007లో నిరూపించారు. ఒక అరలోని కొవ్వు ముందు తగ్గుతుంది, మరొక అరలోనిది తరువాత తగ్గుతుంది. ముక్కు ప్రక్కనుండి పెదవి కొసవరకు దిగే గీత, కన్నుల క్రింది గుంట, చెక్కిలి జారడం - వీటికి కారణం చర్మం వదులు కావడం ఒక్కటే కాదు, లోపలి నిండుదనం తగ్గడం కూడా.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. ముఖం ఏ వయసులోను ఒకచోట ఆగిపోదు. ముప్పై ఏండ్లనాటి ఎముక యాభై ఏండ్లకు ఉండదు. యాభై ఏండ్లనాటి కొవ్వు డెబ్బైకి ఉండదు. మారుతున్న దానిలో మారని వస్తువును ప్రవేశపెడితే ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న.

పూర్వ చరిత్ర

సౌందర్యాన్ని వైద్యంలో భాగంగా పరిగణించిన ప్రాచీనులలో అబుల్ ఖాసిం అజ్జహ్రావీ పేర్కొనదగినవాడు. స్పెయిన్‌లోని కార్డోవా సమీపాన నివసించిన ఈ శస్త్రవైద్యుడు క్రీ.శ. 1000 ప్రాంతంలో ముగించిన 'అత్తస్రీఫ్' అనే ముప్పై భాగాల గ్రంథంలో 19వ భాగాన్ని పరిమళాలకు, సౌందర్య లేపనాలకు కేటాయించాడు. అయితే అవన్నీ పైపూతలే.

లోపలినుండి నింపే ప్రయత్నాలకు 19వ శతాబ్ది చివరి దశాబ్దంలో నాంది పలికింది. 1893లో జర్మన్ శస్త్రవైద్యుడు గుస్తావ్ నాయ్‌బర్ రోగి చేతినుండి కొద్దిపాటి కొవ్వును తీసి, ముఖంలో గుంటపడినచోట అమర్చాడు. 1899లో వియన్నా నగరంలో రాబర్ట్ గెర్సునీ అనే వైద్యుడు, క్షయవ్యాధివల్ల ఒక అవయవాన్ని కోల్పోయిన యువకుని శరీరంలోకి కరిగించిన వాసెలిన్‌ను ఎక్కించాడు. అది చల్లబడి గట్టిపడింది, లోపం పూడిపోయింది. ఈ వార్త త్వరితంగా వ్యాపించింది. పారఫిన్ మైనాన్ని ముక్కులోకి, చెక్కిళ్ళలోకి ఎక్కించడం ఐరోపాలో ఒక వేలంవెర్రి అయింది. పారఫిన్ శాశ్వతమైనది, చౌకైనది, చూడగానే ఫలితమిచ్చేది. ఇంకేమి కావాలి?

కొన్నేండ్లకు గాని దాని నిజస్వరూపం బయటపడలేదు. శరీరం ఆ మైనాన్ని పరాయి వస్తువుగా గుర్తించి చుట్టూ కణజాలాన్ని పేర్చసాగింది. గడ్డలు కట్టాయి. పుండ్లు పడ్డాయి. మైనం పెట్టినచోట నిలువక క్రిందికి జారింది. గ్లాడిస్ డీకన్ అనే సుప్రసిద్ధ సుందరి ఉదంతం ఇందుకు తార్కాణం. గ్రీకు శిల్పాలలో నొసటినుండి నాసిక వరకు ఒకే తిన్నని రేఖ ఉంటుంది. ఆ రేఖకోసం ఆమె సుమారు ఇరవై రెండేళ్ళ ప్రాయంలో ముక్కుదూలంలోకి మైనం ఎక్కించుకొన్నది. అది గడ్డంవైపుకు జారి ఆమె ముఖాన్ని వికృతం చేసింది. తరువాత, 1921లో, ఆమె ఇంగ్లండులో మార్ల్‌బరో ప్రభువుకు భార్య అయింది. 1977 వరకు, తొంభై ఆరేండ్లు జీవించింది. యౌవనంలో ఒకనాడు చేసిన నిర్ణయాన్ని డెబ్బై ఏండ్లకు పైగా అద్దంలో చూచుకొంటూ గడపవలసి వచ్చింది.

ఈ పాఠాన్ని లోకం త్వరలోనే మరచిపోయింది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం పరిశ్రమలకోసం తయారైన ద్రవ సిలికోన్‌ను జపాన్‌లో, ఆపైన అమెరికాలో శరీరంలోకి ఎక్కించసాగారు. మళ్ళీ గడ్డలు, మళ్ళీ జారుడు, మళ్ళీ పశ్చాత్తాపం. కంటిలోని రెటీనా చికిత్సకు సిలికోన్ నూనెను అనుమతించిన అమెరికా ఆహార ఔషధ పాలనా సంస్థ, ముఖ సౌందర్యంకోసం దానిని ఎక్కించడానికి ఈనాటివరకు అనుమతి ఇవ్వలేదు.

తాత్కాలిక పూరకాలు

1981లో పై సంస్థ ఆవు చర్మంనుండి తీసిన కొల్లాజెన్‌ను పూరకంగా ఆమోదించింది. దాని పేరు జైడర్మ్. అది కొద్ది నెలలకు కరిగిపోయేది. సుమారు నూటికి ముగ్గురికి అది సరిపడేది కాదు. అందువల్ల ముందుగా ముంజేతి చర్మంలో కొద్దిగా ఎక్కించి, నాలుగు వారాలు వేచి చూచేవారు. నేడు అది వాడుకలో లేదు. అయినా ఒక మంచి సంప్రదాయాన్ని నెలకొల్పింది: ముందు పరీక్ష, తరువాతనే ప్రయోగం.

నేడు అత్యధికంగా వాడుతున్నది హయలురోనిక్ ఆమ్లం. 1934లో కొలంబియా విశ్వవిద్యాలయంలో కార్ల్ మేయర్, జాన్ పామర్ దీనిని ఆవు కంటిలోని పారదర్శక ద్రవంనుండి వేరుచేశారు. గ్రీకు భాషలో గాజును సూచించే పదంనుండి దీనికి ఆ పేరు వచ్చింది. ఇది మన శరీరానికి కొత్తది కాదు. డెబ్బై కిలోల బరువున్న మనిషి శరీరంలో ఇది సుమారు 15 గ్రాములు ఉంటుంది. అందులో దాదాపు మూడవవంతు ప్రతిదినం విచ్ఛిన్నమై మళ్ళీ తయారవుతుంది. తన బరువుకు అనేక రెట్లు నీటిని పట్టి ఉంచడం దీని విశేష గుణం. సహజరూపంలో ఎక్కిస్తే ఒకటి రెండు రోజులలోనే కరిగిపోతుంది కనుక, దాని అణుమాలలను రసాయనికంగా ఒకదానితో ఒకటి ముడివేసి జిగురుగా తయారుచేస్తారు. అప్పుడది సాధారణంగా ఆరు నెలలనుండి ఏడాదిన్నర వరకు పనిచేస్తుంది. స్వీడన్‌లో తయారైన రెస్టిలేన్ ఐరోపాలో 1996లో ప్రవేశించి, 2003 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందింది. తొలినాళ్ళలో కొన్ని రకాలను కోడిపుంజు తలపైని జుట్టునుండి తీసేవారు. నేడు ప్రధానంగా సూక్ష్మజీవులను పులియబెట్టి తయారుచేస్తున్నారు. పదార్థం ఏ ప్రాణినుండి వచ్చిందన్న విచికిత్స గలవారికి ఈ వివరం అవసరం.

దీని అసలు గొప్పతనం వేరొకటి ఉంది. హయలురోనిడేజ్ అనే ఎంజైమును అదే చోట ఎక్కిస్తే ఈ పూరకం కరిగిపోతుంది. అంటే చేసిన పనిని చాలావరకు రద్దు చేయవచ్చు. పూరకాలలో ఇటువంటి విరుగుడు గలది ఇదొక్కటే. అయితే 'తాత్కాలికం' అన్న మాటను సైతం పూర్తిగా నమ్మరాదు. ఇటీవలి ఎం.ఆర్.ఐ. పరిశీలనలలో కొందరి చెక్కిళ్ళలో ఈ ద్రవ్యం ఏండ్ల తరబడి మిగిలి ఉన్నట్లు కనిపించింది. కరిగిపోయిందనుకొని మళ్ళీ మళ్ళీ నింపుకొంటూపోతే ముఖం ఉబ్బినట్లు తయారవుతుంది.

మరి రెండు పూరకాలను పేర్కొనాలి. కాల్షియం హైడ్రాక్సి అపటైట్ మన ఎముకలలోను, పండ్లలోను ఉండే ఖనిజానికి దగ్గరిది. సుమారు ఏడాది, ఏడాదిన్నర నిలుస్తుంది. పాలీలాక్టిక్ ఆమ్లం కరిగిపోయే కుట్లదారాలలో వాడే పదార్థం. అది స్వయంగా నింపడంకన్న శరీరంచేత కొత్త కొల్లాజెన్‌ను తయారు చేయిస్తుంది. 2004లో దీనికి మొదట అనుమతి లభించింది సౌందర్యంకోసం కాదు, హెచ్.ఐ.వి. రోగులకోసం. ఆ వ్యాధిగ్రస్తులలో కొందరికి చెక్కిళ్ళ కొవ్వు కరిగిపోయి ముఖం ఎముకలగూడులా తయారయ్యేది. ఎవరికీ చెప్పుకొనలేని రోగాన్ని ముఖమే నలుగురికీ చాటేది. అటువంటివారిని మళ్ళీ నలుగురిలో తలెత్తుకొని తిరిగేటట్లు చేసిన ద్రవ్యాన్ని విలాసమని కొట్టివేయడం న్యాయం కాదు.

శాశ్వత పూరకాలు

శాశ్వత పూరకాలలో ముఖ్యమైనది పీ.ఎం.ఎం.ఏ. అనే ప్లాస్టిక్. దీనికి ఘనమైన చరిత్రే ఉంది. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే నేత్రవైద్యుడు శుక్లాల రోగి కంటిలో అమర్చిన మొట్టమొదటి కృత్రిమ కటకం ఈ పదార్థంతో చేసినదే. ముఖానికి వాడేటప్పుడు దీనిని కంటికి కనిపించని సూక్ష్మగోళాలుగా చేసి, ఆవు కొల్లాజెన్‌లో కలిపి ఎక్కిస్తారు. కొల్లాజెన్ కొన్ని నెలలకు పోతుంది, గోళాలు మిగులుతాయి, శరీరం వాటిచుట్టూ తన సొంత కణజాలాన్ని అల్లుకొంటుంది. అమెరికాలో దీనికి 2006లో ముక్కు ప్రక్కల గీతలకు, 2014లో మొటిమల మచ్చలకు అనుమతి లభించింది.

కనుక శాశ్వత పూరకాలన్నీ నిషిద్ధాలని కాని, ప్రతివారికీ హాని చేస్తాయని కాని చెప్పడం సత్యదూరం. మొటిమల మచ్చవంటి స్థిరమైన లోపానికి స్థిరమైన పూరకం అర్థవంతమే. చిక్కు ఎక్కడంటే, గడ్డ కట్టడం వంటి ప్రతిక్రియ కొన్ని నెలలకు కాదు, కొన్ని ఏండ్లకు తలెత్తవచ్చు. అప్పటికి వైద్యుడు మారి ఉంటాడు, కాగితాలు పోయి ఉంటాయి, ఏ మందు ఎక్కించుకొన్నదీ రోగికే గుర్తుండదు. దానిని కరిగించే ఎంజైము లేదు. కత్తితో కోసి తీయాలి, తీసినా గోళాలు కణజాలంలో కలిసిపోయి ఉండడంవల్ల పూర్తిగా రావు, మచ్చ మిగులుతుంది. కొండనాలుకకు మందువేస్తే ఉన్న నాలుక ఊడినట్లు, గీత పోగొట్టుకోబోయి గాటు తెచ్చుకొన్నట్లవుతుంది.

పాలీఅక్రిలమైడ్ జిగురు ఈ కోవకు చెందిన మరొక పదార్థం. చైనాలో విస్తారంగా వాడిన తరువాత గడ్డలు, వాపులు, జారుడు గురించి ఫిర్యాదులు రాగా అక్కడి ప్రభుత్వం 2006లో దానిని నిషేధించింది. నిషేధం అమ్మకాన్ని ఆపగలదు. అప్పటికే శరీరాలలో చేరినదానిని వెనుకకు తీసుకొనలేదు. ఎవరి కొవ్వును వారికే ఎక్కించే పద్ధతి మధ్యస్థమైనది. అందులో కొంత కరుగుతుంది, కొంత నిలుస్తుంది. ఎంత నిలిచేదీ ముందుగా చెప్పడం కష్టం.

చూపును హరించే ప్రమాదం

సూది వేసినచోట వాపు, కమిలిన మచ్చ, నొప్పి - ఇవి కొద్దిరోజులలో తగ్గేవి. అతి భయంకరమైనది వేరొకటి. సూదిమొన రక్తనాళంలోకి దిగి, పూరకం అందులోకి పోతే రక్తప్రసారం ఆగిపోతుంది. ఆ భాగపు చర్మం పాలిపోయి, తరువాత నల్లబడి చచ్చిపోవచ్చు. కనుబొమల నడుమ, ముక్కుమీద ఉన్న ధమనులకు కంటి ధమనితో సంబంధం ఉంది. సూదిమందును బలంగా నొక్కినప్పుడు అది రక్తప్రవాహానికి ఎదురునడిచి కంటి ధమనివరకు పోయి, అక్కడినుండి రక్తంతోపాటు రెటీనాను చేరి అడ్డుపడగలదు. గంట, గంటన్నర గడిచేసరికి పోయిన చూపు తిరిగిరావడం దుర్లభం.

ఇది చాలా అరుదైన ప్రమాదమే. అయినా ఊహాజనితం కాదు. 2015లో ప్రచురితమైన ఒక సమీక్షలో ప్రపంచ వైద్యసాహిత్యంనుండి ఇటువంటి 98 ఉదంతాలను సేకరించారు. అన్నిటికన్న అపాయకరమైన స్థానం కనుబొమల నడిమి భాగమని, తరువాతది ముక్కు అని తేలింది. దాదాపు సగం ఉదంతాలలో ఎక్కించిన ద్రవ్యం రోగి సొంత కొవ్వే. 'నీ కొవ్వే కదా, భయమెందుకు?' అన్న మాటకు ఇంతకన్న సమాధానం అక్కరలేదు. ఒక సూదిమందు గొట్టంలో ఉండేది సాధారణంగా ఒక మిల్లీలీటరు. అంటే చెంచాడులో అయిదవ వంతు. చూపు పోవడానికి అందులోని అత్యల్పభాగం చాలు.

ఇటువంటి సమయంలో హయలురోనిక్ ఆమ్లానికైతే విరుగుడు ఎంజైమును వెంటనే వేసి కొంత ప్రయత్నం చేయవచ్చు. కొవ్వుకు, ప్లాస్టిక్ గోళాలకు ఆ అవకాశం లేదు. తాత్కాలికానికి, శాశ్వతానికి గల భేదం ఈ ఘడియలోనే పూర్తిగా అర్థమవుతుంది.

ధర్మదృష్టి

ముఖానికి మరమ్మతు ధర్మసమ్మతమా అన్న ప్రశ్న మన విద్యార్థులకు కలుగుతుంది. హదీసు గ్రంథాలలో అర్ఫజా బిన్ అసద్ వృత్తాంతం ఉంది. కులాబ్ యుద్ధంలో ఆయన ముక్కు తెగిపోయింది. వెండిముక్కు పెట్టించుకొంటే అది దుర్గంధాన్ని కలిగించింది. అప్పుడు ప్రవక్త ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వసల్లం బంగారు ముక్కును పెట్టించుకొమ్మని ఆదేశించారు. పురుషులకు బంగారం నిషిద్ధమైనా ఇక్కడ అవసరం దానిని అధిగమించింది. మరొకవైపు, కేవలం అందంకోసం సృష్టిని మార్చుకొనడాన్ని - పచ్చబొట్లు, పండ్లను అరగదీయించి సందులు చేయించుకొనడం వంటివాటిని - గర్హించిన హదీసులు కూడా ఉన్నాయి. ఈ రెండింటినుండి ధర్మశాస్త్రజ్ఞులు ఒక విభజన చేశారు: లోపాన్ని సరిదిద్దడం చికిత్స, ఉన్నదానిని కాదని మార్చుకొనడం వేరు. వయసు ముడతలను పూరించడం ఏ కోవలోకి వస్తుందన్న విషయంలో విద్వాంసులలో చర్చ ఉంది. కాని ఈ విభజన వైద్యశాస్త్రపు వివేకానికి ఎంత సన్నిహితంగా ఉందో గమనించదగినది. ప్రమాదంలో గుంటపడిన చెక్కిలికి, రోగంవల్ల కరిగిన ముఖానికి అపాయాన్ని ఓర్చుకొనవచ్చు. లేని లోపానికి అంత మూల్యం చెల్లించడం తగదు.

విద్యార్థులకు విన్నపం

ఈ విషయం నడివయసువారిది కదా, మాకెందుకని విద్యార్థులు అనుకోవచ్చు. నేడు చేతిలోని ఫోనే అద్దమై కూర్చున్నది. ఆ అద్దం ముఖాన్ని ఉన్నది ఉన్నట్లు చూపదు. నునుపుచేసి, తెలుపుచేసి చూపుతుంది. ఆ బొమ్మను చూచి నిజమైన ముఖంలో లోపాలు వెదకేవారు ఇరవై ఏండ్లలోపువారిలోనే ఎక్కువ. అమెరికాలో పూరకాలకు అనుమతి 22 ఏండ్లు నిండినవారికి మాత్రమే ఉన్నది. ఇంగ్లండులో 18 ఏండ్లలోపువారికి సౌందర్యంకోసం వీటిని ఎక్కించడం 2021 అక్టోబరు 1 నుండి చట్టరీత్యా నేరం. సూదిలేని గొట్టాలతో ఒత్తిడిద్వారా పూరకాన్ని ఎక్కించే పరికరాలను వాడవద్దని అమెరికా సంస్థ అదే నెలలో హెచ్చరించింది. మన కళాశాలలో చదివే వారిలో అత్యధికులు ఆ 22 ఏండ్ల వయసుకు ఇంకా చేరనివారేనన్నది గుర్తుంచుకోవాలి.

మీ ఇండ్లలో పెద్దవారెవరైనా ఇటువంటి చికిత్సకు పూనుకొంటే నాలుగు ప్రశ్నలు అడగమని చెప్పండి. సూది వేసేది అర్హతగల వైద్యులా, సౌందర్యశాల నడిపేవారా? మందు పేరు, తయారీసంఖ్య గల చీటీ ఇస్తారా? అది కరిగేదా, కరగనిదా? అపాయం సంభవిస్తే విరుగుడు ఆ గదిలోనే సిద్ధంగా ఉన్నదా? వీటికి సూటిగా సమాధానం రానిచోట లేచి రావడమే వివేకం. సూది పడిన తరువాత తీవ్రమైన నొప్పి, చర్మం పాలిపోవడం, చూపు మసకబారడం - వీటిలో ఏది కనిపించినా మరునాటికి వాయిదా వేయక తక్షణం ఆసుపత్రికి చేరాలి.

ఇక వయసులో ఉన్నవారికి ఖర్చులేని పూరకాలు కొన్ని ఉన్నాయి. మిట్టమధ్యాహ్నపు ఎండను తప్పించుకొనడం, గొడుగు వేసుకొనడానికి సిగ్గుపడకపోవడం, పొగత్రాగకపోవడం - కొల్లాజెన్‌ను కాపాడడంలో ఇవి ఏ సూదిమందుకూ తీసిపోవు.

పారఫిన్ కాలంనుండి ప్లాస్టిక్ కాలంవరకు ఈ చరిత్ర బోధించే నీతి ఒక్కటే. దిద్దుకొనడానికి వీలున్న పనిలో పొరపాటు జరిగినా దారి ఉంటుంది. దిద్దుకొనడానికి వీలులేని పనికి పూనుకొనేముందు అవసరాన్ని పదిసార్లు తూచిచూడాలి. ముఖం కాలంతోపాటు నడుస్తుంది. దానితో నడవలేని వస్తువును దానిలో పెట్టుకొనడం శాశ్వత సౌందర్యం కాదు, శాశ్వత బంధనం.